పాతికేళ్ళ నాటకాల కటింగులు స్కాన్ చేయించిన షాపు: నాలుగు స్టార్లు, ఒకటి ఎందుకు కోశానో కూడా చెప్తా

ముందే చెప్తున్నా, ఇది పొడుగ్గా ఉంటుంది. రేట్లు మాత్రమే కావాలంటే కిందకి వెళ్ళిపోండి, చివర్లో రాశా.

నేను గుంటూర్లో బ్యాంకులో క్లర్కుగా చేసి రిటైరయ్యా, కానీ సాయంత్రాలు మాత్రం 1999 నుంచి ఒక పేపరు జిల్లా ఎడిషన్‌కి నాటకాల రివ్యూలు రాసేదాన్ని. ఉద్యోగం కాదండీ, కంట్రిబ్యూటర్ అంటారు, అంటే జీతం ఉండదు, నెలాఖర్లో పడిన ఐటమ్స్ లెక్కగట్టి ఎంతో కొంత చేతిలో పెడతారు, ఆ ఎంతో కొంత మా ఆయన స్కూటర్ పెట్రోలుకి కూడా సరిపోయేది కాదు పాపం. రాత్రి పన్నెండింటికి హాలు బయట స్కూటర్ మీద కూచుని కునికిపాట్లు పడుతూ నాకోసం వెయిట్ చేసిన మనిషి ఆయన, ఒక్క నాటకం కూడా లోపలికొచ్చి చూళ్ళేదు, అడిగితే "ఇంట్లో చూస్తున్నాగా" అనేవారు.

2023 డిసెంబర్లో నంది నాటకోత్సవాలు మా ఊళ్ళోనే శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో పెట్టారు, వారం రోజులు. పొద్దున్నే మొదలయ్యేవి. వారం మొత్తం కూచున్నా. అయిపోయాక లేద్దామంటే మోకాళ్ళు రాలేదు. అప్పుడే అనుకున్నా ఇక చాలని. మరుసటి ఏప్రిల్లో పేపరు డెస్క్‌కి ఫోన్ చేసి చెప్పేశా. అటువైపు కుర్రాడు "ఓకే మేడమ్, ఇకనుంచి నిర్వాహకుల్నే ప్రెస్ నోట్ వాట్సాప్ చెయ్యమని చెప్పండి" అన్నాడు. అంతే. పాతికేళ్ళ పని ఒక్క ఫోన్ కాల్‌తో తెగిపోయింది, అది కూడా నిమిషం దాటలేదు.

మిగిలింది అట్టపెట్టె. అదే ఈ షాపు కథ.

పెట్టెలో ఏముందంటే నాలుగు పొడుగు రిజిస్టర్లు, బ్యాంకులో పాత లెడ్జర్లు పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నవి, వాటిల్లో కటింగులు అంటించా. అవి కాక విడిగా ఒక రెండొందల ముక్కలు. ఒక సీడీ. ఫ్యాక్స్ కాగితాల కట్ట ఒకటి. మొదట్లో మైదా పిండి ఉడకబెట్టి అంటించేదాన్ని, అమ్మ నేర్పింది, ఆ మైదాకి బొద్దింకలొచ్చి ఒక రిజిస్టర్ అంచులు మొత్తం కొరికేశాయి. తర్వాత సెల్లోటేపు వేశా, అది ఇంకా ఘోరం, పదేళ్ళకి టేపు గోధుమరంగుకి తిరిగి కింద ఉన్న అక్షరాల్ని కూడా తినేసింది. మీరెవరైనా కటింగులు దాచుకుంటుంటే దయచేసి టేపు వెయ్యొద్దు. మైదా కూడా వద్దు.

శంకర్ విలాస్ సెంటర్ దాటి బ్రాడీపేటలోకి వస్తే లైన్లలో జిరాక్స్ షాపులు లెక్కలేనన్ని ఉంటాయి కదా, మూడు తిరిగా. ఒకతను పెట్టె చూసి "కేజీ ఎంతకిస్తారు" అన్నాడు, జోకే అనుకోండి, నాకు నవ్వు రాలేదు. ఇంకోచోట ఏ4 తప్ప స్కాన్ చెయ్యమన్నారు. నాలుగోది ఇది. మేడ మీద ఉంది. యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు కాలికో బైండింగ్ చేసి అట్ట మీద బంగారు అక్షరాలు కొట్టే షాపు, పక్కనే డీటీపీ, పెళ్ళి కార్డులు. లోపల ఏ3 స్కానర్ కనపడింది, అందుకే కూచున్నా.

కౌంటర్లో కుర్రాడికి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. "చెప్పండి ఆంటీ" అన్నాడు. నేనేం అనలేదు, చూశానంతే. "చెప్పండి మేడమ్" అన్నాడు. అక్కడే సగం స్టార్ ఇచ్చేశా.

మొదటి రోజు గొడవ అయింది. విడి ముక్కల్ని ఆటో ఫీడర్లో పెట్టాడు. న్యూస్‌ప్రింట్ ఇరవై ఏళ్ళయితే అప్పడంలా ఉంటుంది, పట్టుకుంటేనే పెళుసు, దాన్ని రోలర్లలోకి తోస్తే ఏమవుద్దీ, పరపరా చిరిగింది. నాలుగో ముక్క. తెనాలి రామకృష్ణకవి కళాక్షేత్రంలో చూసిన ఒక నాటిక మీద రాసింది, కింది సగం నలిగి ఉండ అయిపోయింది. నేను నోరు చేసుకున్నా, నిజమే, పక్కన థీసిస్ తెచ్చుకున్న అమ్మాయి కూడా రెండడుగులు వెనక్కి వేసింది. మెచ్చుకోవాల్సిందేంటంటే కుర్రాడు దాచలేదు, నేను అటు తిరిగి ఉన్నప్పుడే చిరిగింది, తనే పిలిచి చూపించాడు. తర్వాత ఆ ఉండని విప్పి, ఇస్త్రీ చేసినట్టు రెండు గాజు పలకల మధ్య ఒక రాత్రంతా పెట్టి, మర్నాడు ఫ్లాట్‌బెడ్ మీద స్కాన్ చేశాడు. మూడు లైన్లు పోయాయి. ఆ మూడు లైన్లలో ఏముందో నాకూ గుర్తులేదు, అందుకే ఇంకా కోపం. కోసిన స్టార్‌లో సగం దీనికి.

ఆ తర్వాత అన్నీ ఒక్కొక్కటిగా గాజు మీద పెట్టే చేశారు, 300 డీపీఐలో, అక్షరం చిన్నగా ఉన్నవి 600లో. మొదట శాంపిల్ వాట్సాప్‌లో పంపారు, వాట్సాప్‌లో పంపితే అక్షరాలు అలుక్కుపోతాయి, పెన్‌డ్రైవ్‌లో ఇమ్మని అడగండి.

ఇక సీడీ సంగతి. 2006 నుంచి కొన్నేళ్ళు నేను డీటీపీ సెంటర్లో టైపు చేయించి పంపేదాన్ని, అంతకు ముందు చేత్తో రాసి ఎస్‌టీడీ బూత్ నుంచి ఫ్యాక్స్. ఆ టైపు చేయించిన ఫైళ్ళన్నీ అను అనే పాత డీటీపీ తెలుగు ఫాంట్లలో ఉన్నాయి, పేజ్‌మేకర్‌లో. ఇంట్లో మా అమ్మాయి లాప్‌టాప్‌లో తెరిస్తే తెలుగు ఒక్క ముక్క లేదు, డాలర్ గుర్తులు, టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యమధ్యలో కామాలు. ఏడుపొచ్చింది. ఈ షాపులో మూలన దుమ్ము కొట్టుకుపోయిన పాత కంప్యూటర్ ఒకటుంది, పెళ్ళి కార్డులకి ఇప్పటికీ ఆ అను ఫాంట్లే వాడతారట, ప్రియాంక ఫాంట్ లేకపోతే శుభలేఖ శుభలేఖలా ఉండదని కస్టమర్లు ఒప్పుకోరట. సీడీ అందులో పెట్టగానే టక్కున తెలుగు వచ్చేసింది. అక్కణ్ణుంచి యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్లోనైనా తెలుగు కనపడేలా, మార్చి ఇచ్చారు. అక్కడక్కడా వత్తులు ఎగిరిపోయాయి, అది చూసుకోవాలి. ఐదొందలు తీసుకున్నారు, ఐదు వేలన్నా ఇచ్చేదాన్ని, వాళ్ళకి చెప్పకండి.

ఫ్యాక్స్ కట్ట మాత్రం పోయింది. థర్మల్ కాగితం కదా, తెల్లగా, అసలు ఎప్పుడూ ఏం రాయనట్టు. షాపు తప్పేం లేదు.

ఇక ఈ రివ్యూ ఎందుకు ఇంత పొడుగు రాస్తున్నానో ఆ కథకొస్తా.

కటింగుల మీద తేదీలు లేవు. నేనే రాయలేదు. బ్యాంకులో ప్రతి ఓచర్ మీదా తేదీ ఉందో లేదో చూసి వెనక్కి కొట్టిన మనిషిని, నా కటింగుల మీద ఒక్కదాని మీదా తేదీ వెయ్యలేదు. వాల్యూమ్‌లు తారీఖుల వరసలో బైండ్ చేద్దామంటే ఎలా? కుర్రాడు ఒక ముక్క వెనక్కి తిప్పి "మేడమ్, ఇది 2001 మార్చి 15 పేపరు" అన్నాడు. ఎలా చెప్పావురా బాబూ అంటే వెనకాల సగం తెగిన క్రికెట్ వార్త, లక్ష్మణ్ 275 నాటౌట్ అని ఉంది. కోల్‌కతా టెస్టు, నాలుగో రోజు ఆట అయ్యేసరికి అదీ స్కోరు, 281 కొట్టి ఔటైంది మర్నాడు. ఆ పిల్లాడు అప్పటికి పుట్టాడో లేదో. అలా ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి, సినిమా ప్రకటనలు, ఎన్నికల వార్తలు, పుష్కరాల ఫొటోలు చూసుకుంటూ మూడొంతులు తేదీలు పట్టేశాడు. రిజిస్టర్లో అంటించినవాటికి వెనక కనపడదు కదా, వాటికి రివ్యూలో ఉగాది అనో కార్తీకమాసం అనో నేను రాసిన ముక్కలు పట్టుకుని అంచనా వేశాడు. దీనికి ఛార్జి వెయ్యలేదు. నేను ముందు వైపు రాసిందానికంటే వెనక వైపే ఎక్కువ ఉపయోగపడింది, ఏం చేస్తాం.

తర్వాత స్కాన్ల నుంచి అక్షరాల్ని కంప్యూటర్ చదివేలా చేసి పెట్టాడు, అంటే ఏదైనా మాట కొట్టి వెతుక్కోవచ్చన్నమాట. తెలుగుకి ఇది అంత బాగా రాదు, పాత పేపరు ముద్ర మసకగా ఉంటే వత్తులూ గుడులూ కలగాపులగం చేస్తుంది, నాలుగు మాటలకి ఒకటి తప్పు. అయినా పనికొస్తుంది. పనికి రాకుండా ఉన్నా బాగుండేది అని తర్వాత అనిపించింది.

ఎందుకంటే కుర్రాడు సరదాగా "రక్తి" అని కొట్టాడు. స్క్రీన్ మొత్తం పసుపు. రక్తి కట్టించారు, రక్తి కట్టించింది, ఆద్యంతం రక్తి కట్టించిన. ఇంకో పేజీ. ఇంకో పేజీ. "ఒదిగిపోయారు" కొట్టాడు. మళ్ళీ పసుపు. "జీవం పోశారు". సరే ఆపు అన్నా.

అంతటితో అయిందా. సురభి వాళ్ళు వచ్చినప్పుడల్లా నేను "1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో మొదలైన" అన్న వాక్యంతోనే మొదలుపెట్టా, ఒక్క కామా తేడా లేకుండా తొమ్మిదిసార్లు. ప్రతి ఏప్రిల్ 16కీ, కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజు కదా, తెలుగు నాటకరంగ దినోత్సవం, 1880లో రాజమండ్రిలో వ్యవహార ధర్మబోధిని ఆడిన ముచ్చట. తెనాలి అనగానే 1929, ఆంధ్ర నాటక కళా పరిషత్ అక్కడే పుట్టిందని. కన్యాశుల్కం మొదట విజయనగరంలో 1892లో ఆడారని నేను రాస్తే ఒకసారి 1982 అని పడింది, ఆ ముక్క కూడా దొరికింది, మర్నాడు సవరణ వెయ్యమని అడిగితే ఎవరు చూస్తార్లే మేడమ్ అన్నారు. చూశారు. మా బ్యాంకు మేనేజర్ గారు చూసి మూడు రోజులు ఏడిపించారు.

మధ్యాహ్నం టీ తాగుతుంటే కుర్రాడు అడిగాడు, "మేడమ్ ఒకటడగనా, ఏమీ అనుకోకండి, మీకు నచ్చని నాటకం ఒక్కటి కూడా లేదా పాతికేళ్ళలో?"

లేకపోవడమేంటి నాయనా, బోలెడు. కానీ ఇది గుంటూరు. రాత్రి హీరో వేషం వేసినాయన పొద్దున్నే రైతుబజార్లో వంకాయలు ఏరుకుంటూ ఎదురొస్తాడు. ఒకాయన మా పక్క బ్రాంచిలో క్యాషియర్. ఒకావిడ ఆ నెలలో మూడు నాటక సమాజాల్లో మూడు నాటికలు ఆడి ఆ డబ్బుతో పిల్లాడి ఫీజు కడుతోంది, ఒకే రాత్రి మొదటి నాటికలో అత్త, మూడో నాటికలో కూతురు, నాటకాల్లో ఆడవేషాలకి మనుషులు అంత కరువు, ఆమె రెండో వేషం తేలిపోయిందని ఏ చేత్తో రాయను? అందుకని మాకో భాష ఉంటుంది. వాడికి అదంతా విప్పి చెప్పా. "ప్రయత్నం అభినందనీయం" అని ఉంటే నాటకం పోయిందని అర్థం. "మరికొన్ని రిహార్సల్స్ చేస్తే బాగుండేది" అంటే డైలాగులు రాలేదు, మూడో వరసకి కూడా ప్రాంప్టర్ గొంతే వినపడింది. "ఉదాత్తమైన ఇతివృత్తం" అంటే నాకు నిద్రొచ్చింది. "స్వల్ప సాంకేతిక లోపాలు" అంటే పైన వేలాడదీసిన మైకు గంటసేపు కుయ్యోమంది. "ప్రేక్షకులు ఓపికగా తిలకించారు" అన్నది చాలా పెద్ద తిట్టు, పాతికేళ్ళలో నాలుగైదుసార్లకి మించి వాడలేదు. ఇక నేను ఏ విశేషణమూ వెయ్యకుండా కథ మాత్రమే చెప్పి ఊరుకుంటే దర్శకుడు నాతో ఆరు నెలలు మాట్లాడేవాడు కాదు, వాళ్ళకి తెలుసు ఆ భాష. పాఠకులకే తెలీదు. మొత్తం విని కుర్రాడు ఏమన్నాడంటే "మరి కొత్తగా చదివేవాళ్ళకి ఎలా తెలుస్తుంది మేడమ్, అన్నీ బాగున్నట్టే ఉన్నాయి". టీ చల్లారిపోయింది.

వాడన్నదాంట్లో న్యాయం ఉంది. రేపు తెలుగు విశ్వవిద్యాలయం రంగస్థల శాఖలో ఎవరో పిల్ల పీహెచ్‌డీకి ఈ వాల్యూమ్‌లు తిరగేస్తే గుంటూరు జిల్లాలో పాతికేళ్ళు ఒక్క చెత్త నాటకం కూడా ఆడలేదనుకుంటుంది. అందుకని మొదటి వాల్యూమ్ ముందు ఒక పేజీ కలిపి ఆ మాటలకి అర్థాలు రాసి పెట్టా. షాపు వాళ్ళే టైపు చేశారు, దానికి ముప్పై రూపాయలు.

బాగున్నవి బాగున్నాయని కూడా గట్టిగానే రాశా లెండి. కోటప్పకొండ తిరునాళ్ళలో కాంట్రాక్టు పద్యనాటకం మీద రాసిందొకటి దొరికింది, రాయబారం, ముగ్గురు కృష్ణులు. తెలియనివాళ్ళకి చెప్తున్నా, ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని సీను సీనుకీ మనిషి మారతాడు, జనం ఎవరి పద్యానికి ఎంత ఈల వేస్తారో దాన్ని బట్టి పైఏడు రేటు. దుమ్ములో, ప్రభల లైట్లలో, తెల్లారుజామున మూడింటికి ఒకాయన తిరుపతి వేంకట కవుల పద్యం ఎత్తుకుంటే పల్లీలు అమ్మేవాడు కూడా పొట్లం కట్టడం ఆపేశాడు. ఆ ముక్క మళ్ళీ చదువుకుంటే నాకే బాగుంది. కాకపోతే ఫొటో కింద రెండో కృష్ణుడికి ఒకటో కృష్ణుడి పేరు పడింది, ఒకటో ఆయన పొద్దున ఆరింటికి ఇంటికి ఫోన్ చేసి "అమ్మా, నాకు ఆ మీసం ఉందా" అని అడిగారు.

చింతామణి మీద రాసినవి కూడా మూడు నాలుగున్నాయి. 2022 జనవరిలో ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది కదా, కుర్రాడు ఇవి బైండింగ్‌లో పెట్టొచ్చా మేడమ్ అని భయపడ్డాడు. ఆడితే తప్పు గానీ ఆడినట్టు ఉంటే తప్పేంటి, పెట్టమన్నా.

ఇక బైండింగ్. బైండరు భాయ్ వెనక గదిలో ఉంటారు, డెబ్భై దాటుంటాయి, ఫారాలు కుట్టేటప్పుడు దారం పళ్ళతో కొరుకుతారు. నేను కుర్చీ వేసుకుని చూస్తూ కూచున్నా. నా పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగి "ఈ హాలు నాకు తెలుసమ్మా" అన్నారు. నాటకాలకి పరదాలు, సెట్టింగులు, డ్రెస్సులు అద్దెకిచ్చే సప్లయ్ కంపెనీలో పనిచేశారట చాలా ఏళ్ళు. పరిషత్తులకి, అంటే నాటకాల పోటీలకి, తెర లాగేవారట. మూడో గంట కొట్టగానే తాడు పట్టుకుని నిలబడాలి, పరబ్రహ్మ ప్రార్థన అయ్యేదాకా లాక్కూడదు, క్లైమాక్స్‌లో ఒక్క క్షణం ముందు వేసినా నటుడు లోపలికొచ్చి బూతులు తిడతాడు, ఒక్క క్షణం ఆలస్యమైతే చచ్చినవాడు స్టేజి మీద దగ్గుతాడు. చెప్తూ చెప్తూ దారం లాగి ముడేసి "మీరు అందరి పేర్లూ రాస్తారు కదమ్మా, లైటింగు, మేకప్పు, తెర ఎవరు లాగారో ఎప్పుడైనా రాశారా" అని అడిగారు. కోపంగా కాదు, మామూలుగా.

కుర్రాణ్ణి పిలిచి "తెర" అని కొట్టమన్నా. చాలా వచ్చాయి. తెర లేచింది. తెర లేవగానే. తెర పడింది. తెర పడే సమయానికి. అన్నిట్లోనూ అదే లేచింది, అదే పడింది. మనిషి లేడు.

ఇంకో సంగతి. రివ్యూ చివర్లో ఆ పేర్ల పేరా ఉంటుందే, సంగీతం ఫలానా, ఆహార్యం ఫలానా, రంగాలంకరణ ఫలానా అని, దాన్ని నేనెప్పుడూ చిన్నచూపే చూశా, ఏదో రాయాలి కాబట్టి రాసేదాన్ని, స్థలం లేకపోతే డెస్క్ వాళ్ళు ముందు కోసేది కూడా దాన్నే. ఇప్పుడు స్కాన్లు ఉన్నాయని తెలిసి నాకు ఫోన్లు చేస్తున్నవాళ్ళు ఎవరూ నా విశ్లేషణ అడగట్లా. మా నాన్న మేకప్ చేసేవారండీ, పేరు పడిందేమో చూస్తారా. మా అన్నయ్య హార్మోనియం. వాళ్ళకి ఆ ఒక్క లైను ఫొటో తీసి పంపిస్తే చాలు. నేను రాత్రంతా కూచుని చెక్కిన మొదటి పేరా ఎవరికీ అక్కర్లేదు. భాయ్ పేరుకి మాత్రం పంపడానికి ఏ లైనూ లేదు.

మానేసిన నెలలోనే జరిగిన సన్మానం కూడా చెప్పేస్తా, అది చివరి కటింగుకి సంబంధించింది. పరిషత్తుల్లో రాత్రికి మూడు నాటికలు, ఏడింటికి అని వేసి ఎనిమిదింటికి మొదలెడతారు, నాటికకీ నాటికకీ మధ్య శాలువాలు, మెమెంటోలు, దాతల ప్రసంగాలు, చివరి నాటికకి తెర లేచేసరికి అర్ధరాత్రి, హాలు ఖాళీ. పాతికేళ్ళు దీని మీద మొత్తుకుంటూ రాశా. ఒక పరిషత్తు వాళ్ళు, పేరెందుకులెండి, నేను మానేస్తున్నానని తెలిసి రెండో నాటికకీ మూడో నాటికకీ మధ్య నన్ను స్టేజి ఎక్కించారు. రెండు నిమిషాలు మేడమ్ అన్నారు. పదకొండు మంది మాట్లాడారు. ఒకాయన నా పేరు రెండుసార్లు తప్పు చెప్పారు. నేను శాలువాల కింద చెమటలు కక్కుతూ పక్కకి చూస్తే సైడ్ వింగ్‌లో మూడో నాటిక వాళ్ళు మేకప్ వేసుకుని నిలబడున్నారు, ముసలాయన వేషం వేసిన కుర్రాడు చెమటకి ఊడిపోతున్న గడ్డాన్ని అరచేత్తో ఒత్తి పట్టుకుని నా వైపే చూస్తున్నాడు. ఎక్కణ్ణుంచో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు వాళ్ళు. వాళ్ళ నాటిక మొదలయ్యేసరికి పన్నెండూ పది. లెక్కపెట్టా, న్యాయనిర్ణేతలతో కలిపి ఇరవై ముగ్గురం. నాటిక చాలా బాగుంది, ఈసారి కోడ్ భాష కాదు, నిజంగానే బాగుంది.

దాని మీదే చివరి రివ్యూ రాశా. అందులో "ఒక స్థానిక రివ్యూయర్‌కి జరిగిన సన్మానం కారణంగా ప్రదర్శన గంట ఆలస్యమై, ప్రేక్షకులు వెళ్ళిపోయారు" అని ఒక వాక్యం పెట్టా. డెస్క్ వాళ్ళు ఆ వాక్యం ఎత్తేశారు. పక్కనే శాలువాతో నా ఫొటో వేశారు, నాటిక ఫొటో వెయ్యలేదు. నాలుగో వాల్యూమ్ చివరి పేజీ అదే. కుర్రాడు స్కాన్ చేసి "సూపర్ మేడమ్, ఫొటో బాగొచ్చింది" అన్నాడు.

కోసిన స్టార్‌లో మిగతా సగం దేనికంటే, వాల్యూమ్‌ల వీపు మీద బంగారు అక్షరాల్లో "నాటక సమిక్షలు" అని కొట్టారు. దీర్ఘం లేదు. నాలుగింటి మీదా. కాగితం మీద రాసిచ్చా సరిగ్గా, అయినా. తిరిగి చేసివ్వడానికి తొమ్మిది రోజులు పట్టింది, డబ్బులు అడగలేదు. పాత అట్టలు పారెయ్యకుండా ఒకటి మా ఆయన తెచ్చుకున్నారు, కరెంటు బిల్లులు పెట్టుకోవడానికి.

ఇవిగో రేట్లు. రిజిస్టర్ పేజీలు 380, ఏ3లో పేజీకి 10, అంటే 3,800. విడి ముక్కలు 190, ఒక్కోటి 5, అవి 950. ప్రింటు తీసి కాలికో బైండింగ్, బంగారు అక్షరాలతో సహా వాల్యూమ్‌కి 650, నాలుగింటికి 2,600. సీడీకి 500. మొత్తం 7,850 అయితే 7,500 తీసుకున్నారు, అర్థాల పేజీ ముప్పై వేరే. చిరిగిందానికి తగ్గించారా, మామూలుగా తగ్గించారా అడగలేదు. టైము పదిహేను రోజులన్నారు, అట్టల గొడవ కలిపి నెల పట్టింది. డబ్బులు సగం ముందు ఇవ్వాలి. పెన్‌డ్రైవ్ మనదే తీసుకెళ్ళాలి, వాళ్ళ దగ్గర కొంటే ఎక్కువ. పాత కాగితాలైతే ఫీడర్‌లో పెట్టొద్దని మొదటే గట్టిగా చెప్పండి, స్లిప్ మీద రాయించండి కూడా. అను ఫాంట్ ఫైళ్ళు ఎవరి దగ్గరైనా ఉంటే ఆ మూలనున్న కంప్యూటర్ చచ్చేలోపు వెళ్ళండి, అది ఇంకో రెండేళ్ళు బతికితే గొప్ప.

ఆదివారం సెలవు. పార్కింగ్ లేదు. లిఫ్ట్ కూడా లేదు, ఇరవై నాలుగు మెట్లు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద నిలబడి ఫోన్ చేస్తే కుర్రాడు దిగొచ్చి పెట్టె తీసుకెళ్తాడు, కానీ భాయ్ పని చూడాలంటే మాత్రం ఎక్కాల్సిందే, ఆయన మధ్యాహ్నం మూడు తర్వాతే ఉంటారు.